ముందు ప్యాంటు, తర్వాతే జాకెట్టు

ఆటల మేడం జవాబులు

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మొదలైన ఈ రోజుల్లో నాకు వచ్చిన ఉత్తరాల్లో సగం మంచు గురించే, అక్కడ స్కీయింగ్‌కు (కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారే ఆట) వేసుకునే బట్టల గురించే ఉన్నాయి. ముప్పై ఏళ్లు స్కూళ్లలో పీఈటీగా పనిచేశాను కానీ, ఖోఖో, కబడ్డీ తప్ప మంచు గురించి ఒక్కరు అడిగితే ఒట్టు. ఇప్పుడు పిల్లలంతా కశ్మీర్‌లోని గుల్మార్గ్ అంటున్నారు, ఉత్తరాఖండ్‌లోని ఔలి అంటున్నారు. మంచిదే. ఆ మంచు తడి నేనూ ఒకసారి అనుభవించినదాన్నే కాబట్టి, ఈసారి అవే ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: మేడం, నాకు 27 ఏళ్లు. హన్మకొండలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నా. మార్చి మొదటి వారంలో ఐదుగురం గుల్మార్గ్ వెళ్లి స్కీయింగ్ నేర్చుకుందామనుకుంటున్నాం. అప్పటికి మంచు తడిగా ఉంటుందట, వాటర్‌ప్రూఫ్ జాకెట్టు, ప్యాంటు లేకుండా రావద్దన్నారు. జాకెట్ల మీద 5,000 మి.మీ., 10,000 మి.మీ., 20,000 మి.మీ. అని రాసి ఉంటోంది. మన దగ్గర ఏడాదంతా కలిపితే వాన వెయ్యి మి.మీ. చుట్టుపక్కలే కదా, మరి 5,000 చాలదా? రెండింటికీ కలిపి నా దగ్గర 15,000 రూపాయలున్నాయి. (హన్మకొండ పాఠకుడు)

జవాబు: నీ లెక్క చదివి నవ్వుకున్నాను బిడ్డా. నవ్వాను కానీ తప్పు పట్టలేను, చీటీ మీద అలా రాస్తే ఎవరైనా వాన లెక్కే అనుకుంటారు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. వాన పడింది. నీ లెక్కన ఆ వాన వారం రోజులు ఆగకుండా పడ్డా 5,000 జాకెట్టు ఆపాలి. ఆపదు.

ఆ మి.మీ. వానది కాదు, నీటి స్తంభం ఎత్తు. గుడ్డను బిగించి దాని మీద నీళ్ల ఒత్తిడి పెంచుకుంటూ పోతారు. మూడు చోట్ల చుక్క పైకి తేలేసరికి ఎంత ఎత్తు నీళ్ల ఒత్తిడి ఉందో ఆ అంకె రాస్తారు. 10,000 మి.మీ. అంటే పది మీటర్లు. మూడంతస్తుల ఇంటి మీద ట్యాంకు పెట్టి, కింద నల్లాకు ఆ గుడ్డ కట్టినట్టు. అంటే అది ఒత్తిడి లెక్క, ఎంత నీరు పడింది అన్నది కాదు.

మరి మంచులో అంత ఒత్తిడి ఎక్కడిది? నీ ఒంటి బరువుది. 70 కిలోల మనిషి కింద పడి ఒక మోకాలి మీద లేస్తున్నాడనుకో. మోకాలు నేలకు ఆనే చోటు, వేళ్లు వదిలేసి అరచేయంత ఉంటుంది, సుమారు 70 చదరపు సెం.మీ. ఒక్కో చదరపు సెం.మీ. మీద ఒక కిలో. అది సరిగ్గా పది మీటర్ల నీళ్ల ఒత్తిడి. నీ 5,000 గుడ్డ అక్కడే చేతులెత్తేస్తుంది. భుజాల మీద పడే మంచుకు అంత ఒత్తిడి ఉండదు, అక్కడ 10,000 బాగానే కాస్తుంది.

అందుకే నా మాట: ముందు ప్యాంటు కొను. అందరూ జాకెట్టుకు పదివేలు పెట్టి, మిగిలిన దాంతో ఏదో ప్యాంటు తెచ్చుకుంటారు. ఫొటోలో జాకెట్టే కదా కనిపించేది! నేర్చుకునేవాడు రోజంతా చేసే పని ఏమిటి? పడటం, కూర్చోవడం, మోకాలి మీద లేవడం, మళ్లీ పడటం. కొండ పైకి తీసుకెళ్లే ఛైర్‌లిఫ్ట్ ఎక్కితే తడిసిన సీటు మీద కూర్చోవడం. నీ 15,000లో ఎనిమిది, తొమ్మిది వేలు ప్యాంటుకు పెట్టు. 15,000 మి.మీ.కు తగ్గకు, 20,000 దొరికితే ఇంకా మంచిది. కొత్త గుడ్డకు ఇచ్చిన అంకె అది, నాలుగు ఉతుకులు, రెండు రాపిళ్ల తర్వాత అంత ఉండదు. జాకెట్టు 10,000 నుంచి 15,000 మధ్య ఉన్నా చాలు, కానీ కుట్లు చూడాలి. ఆ సంగతి తర్వాతి ఉత్తరంలో చెప్తాను.

నా కథ ఒకటి చెప్పకపోతే నీకు నమ్మకం కుదరదు. 2011లో ఔలిలో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగాయి. ఆ పేపర్లు చదివి చదివి, మరుసటి ఏడాది మార్చిలో కాజీపేటలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. మా ఆయన "నీకేమైనా పిచ్చా" అన్నాడు, స్టేషన్‌కు మాత్రం తనే వచ్చి దింపాడు. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో పెద్ద ధర పెట్టి ఎర్ర జాకెట్టు కొన్నాను. కింద మాత్రం ట్రాక్ ప్యాంటు, దాని మీద స్కూటర్ మీద వేసుకునే రెయిన్ ప్యాంటు. పొద్దున ఎనిమిదింటికి మంచు అద్దంలా గట్టిగా ఉంది, ఏమీ కాలేదు. పదకొండింటికి ఎండ పడి మెత్తబడింది. నేను పడటమూ అప్పుడే ఎక్కువైంది. పన్నెండింటికి రెయిన్ ప్యాంటు కూర్చునే చోట కుట్టు విచ్చి, ట్రాక్ ప్యాంటు నీళ్లు తాగి, లోపల చల్లటి తడిగుడ్డ చుట్టినట్టయింది. ఎర్ర జాకెట్టు పొడిగా మెరుస్తూనే ఉంది. నేర్పే పహాడీ కుర్రాడు నా వెనక్కి ఒకసారి చూసి, మర్యాదగా ముఖం తిప్పుకున్నాడు. మర్నాడు జోషీమఠ్‌కు దిగి, అద్దెకు దొరికిన ప్యాంటు తెచ్చుకుని కోర్సు ముగించాను.

గుల్మార్గ్‌లో కొత్తవాళ్లు నేర్చుకునేది దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉండే కింది మైదానాల మీద. గొండోలా అనే తీగ బండిలో అఫర్వట్ కొండ పైకి, అంటే 3,900 మీటర్లు దాటి వెళ్తే మార్చిలో కూడా పొడి మంచు దొరకొచ్చు. కానీ అది స్కీయింగ్ బాగా వచ్చినవాళ్ల చోటు, మొదటి వారం నీకు దాంతో పని లేదు. తడి ఎక్కడ ఎక్కువో కొత్తవాళ్లు ఉండేదీ అక్కడే. జనవరి పొడి మంచు ముగ్గుపిండిలా ఉంటుంది, దులిపితే పోతుంది. మార్చి మధ్యాహ్నం మంచు నానబెట్టిన అటుకులే. అంటుకుంటుంది, ఒంటి వేడికి కరుగుతుంది, కరిగిన నీళ్లు దారి వెతుక్కుంటాయి.

ఆ దారులు చెప్తాను. ప్యాంటు నడుము దగ్గర ఒకటి. పడినప్పుడు జాకెట్టు పైకి లేచి మంచు లోపలికి పోతుంది. అందుకే ఛాతీ దాకా వచ్చి భుజాల మీద పట్టీలుండే బిబ్ ప్యాంటు దొరికితే అదే తీసుకో. చిన్నపిల్లల బట్టల్లా ఉంటుందని సిగ్గుపడకు. లేదా జాకెట్టు లోపల సాగే పట్టీతో నడుముకు బిగిసే గుడ్డ ఉండాలి, స్నో స్కర్ట్ అంటారు. కాళ్ల దగ్గర ప్యాంటు లోపల ఇంకో పొర ఉంటుంది, గెయిటర్ అంటారు, అది బూటు మీద బిగుతుగా కూర్చోవాలి. జిప్పు మీద గుడ్డ మడత ఉందో, లేక జిప్పే రబ్బరు పూతతో ఉందో చూడు. మామూలు పళ్ల జిప్పు ఖాళీగా వదిలేస్తే అదే నల్లా. మణికట్టు దగ్గర చేతి గ్లౌజు మీద జాకెట్టు దిగాలా, జాకెట్టు మీద గ్లౌజా అని కొట్టుకుంటారు. ఏదైనా పర్లేదు, మధ్యలో చర్మం కనిపించకూడదు.

ఇక లోపలి తడి. ఇది ఎవరూ చెప్పరు. నేర్చుకునేవాళ్లు లిఫ్ట్ కంటే కాళ్లతోనే ఎక్కువ ఎక్కుతారు. స్కీలు అడ్డంగా పెట్టుకుని మెట్టు మెట్టుగా ఎక్కుతుంటే, సున్నా డిగ్రీల్లో కూడా చెమట కారుతుంది. ఆవిరి బయటికి పోవడానికి కూడా చీటీ మీద ఒక అంకె ఉంటుంది: 10,000 గ్రాములు అంటే ఒక చదరపు మీటరు గుడ్డ నుంచి రోజుకు పది కిలోల ఆవిరి పోతుందని. అది ల్యాబ్ లెక్క. పరీక్ష చేసే పద్ధతులు కూడా నాలుగైదు ఉన్నాయి, ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చడం దండగ. పైగా బయట గాలి తడిగా ఉంటే లోపలి ఆవిరి పోదు. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు మన దండెం మీద బట్టలు రెండు రోజులైనా ఆరవు కదా, అదే సంగతి. కాబట్టి అంకె కంటే చంకల కింద, తొడల పక్కన తెరుచుకునే జిప్పులు ఉన్నాయా చూడు. ఎక్కేటప్పుడు తెరువు, దిగేటప్పుడు మూసెయ్. ఈ జిప్పుల కోసం రంగు నచ్చకపోయినా సర్దుకుపోవచ్చు.

దూది దట్టంగా కుక్కిన లావు జాకెట్టు వద్దు. మార్చిలో సున్నాకు అటూ ఇటూగా ఉండే పగలు అది ఎక్కువ. పల్చటి వాటర్‌ప్రూఫ్ పొర, లోపల ఉన్నిలా మెత్తగా ఉండే ఫ్లీస్ చొక్కా ఒకటి చాలు. ఈకలు నింపిన డౌన్ జాకెట్టు రాత్రి గదిలో వేసుకో, పొడిగా ఉన్నంతసేపు దానంత వెచ్చనిది లేదు, తడిస్తే మాత్రం ముద్దై ఒంటికి అతుక్కుంటుంది.

కొన్నాక ఇంట్లోనే పరీక్ష చెయ్. స్నానం టవల్ తడిపి, మడిచి, ప్లాస్టిక్ కుర్చీలో పరుచు. కొత్త ప్యాంటు వేసుకుని దాని మీద పావుగంట కూర్చో, ఫోన్ చూసుకుంటూ. లేచి లోపల చెయ్యి పెట్టి చూడు. చీటీలు మాత్రం పీకకు, తడి దిగితే వాపసు ఇవ్వాలి కదా.

ప్రశ్న: నమస్తే మేడం. మా పాప డిగ్రీ చదువుతోంది, ఔలిలో స్కీయింగ్ కోర్సుకు వెళ్తోంది. ఆన్‌లైన్‌లో జాకెట్టు, ప్యాంటు తెప్పించాం. ప్యాంటు పొడవైంది, జాకెట్టు చేతులు కూడా రెండు అంగుళాలు ఎక్కువ. మా టైలర్ అరగంటలో సరిచేస్తానంటున్నాడు. చేయించొచ్చా? (నర్సంపేట పాఠకురాలు)

జవాబు: చెల్లె, ఆ టైలర్ చేతికి ఇవ్వకండి. ఆయన పనితనాన్ని నేను అనడం లేదు. సూది దిగిన ప్రతి చోటా ఒక చిల్లు, ప్రతి చిల్లూ ఒక దారి.

మా నాన్నకు స్టేషన్ రోడ్డులో పరదాల దుకాణం ఉండేది. బస్తాల మీద కప్పే టార్పాలిన్లు, అప్పట్లో నూలు కాన్వాసువి. మధ్యలో చిల్లు పడి వాపసు వచ్చిన పరదా నేను చూడలేదు. వచ్చినవన్నీ కుట్టు దగ్గర కారినవే. అందుకని నాన్న కుట్టు వేశాక దాని మీద రెండు వైపులా మైనం రుద్ది, గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టించేవాడు. ఎండాకాలం సెలవుల్లో ఆ మైనం రుద్దే పని నాదే. చేతులకు వారం దాకా ఆ వాసన పోయేది కాదు. అప్పుడు విసుక్కున్నాను కానీ, ఇవాళ ఈ కాలమ్‌లో ముక్క చెప్పగలుగుతున్నానంటే దాని పుణ్యమే.

స్కీ జాకెట్టులో ఆ మైనం పని టేప్ చేస్తుంది. జాకెట్టు తిరగేసి చూడండి, కుట్టు వెంబడి రెండు సెంటీమీటర్ల పట్టీ అతికించి ఉంటుంది. అన్ని కుట్లకూ ఉంటే ఫుల్లీ టేప్డ్ అంటారు. భుజాలు, టోపీ లాంటి ముఖ్యమైన చోట్లే వేస్తే క్రిటికల్లీ టేప్డ్ అంటారు. పేరు గంభీరంగా ఉంది కానీ, మిగతా కుట్లు వదిలేశారని దానర్థం. తడి మంచుకు అన్ని కుట్లకూ టేప్ ఉన్నదే కావాలి. లైనింగ్ ఉన్న జాకెట్టులో పట్టీ కనిపించదు, అప్పుడు చీటీ మీద మాటే దిక్కు. 20,000 గుడ్డకు టేప్ లేని కుట్టు వేసిన జాకెట్టు, 10,000 గుడ్డకు అన్ని కుట్లూ మూసిన జాకెట్టు పక్కపక్కన పెడితే నేను రెండోదే తీసుకుంటాను.

మీ విషయానికొస్తే, చేతులు రెండు అంగుళాలు ఎక్కువ ఉండటం లోపం కాదు. చేయి ముందుకు చాపినప్పుడు మణికట్టు బయటపడదు. కొసన వెల్క్రో పట్టీ ఉంటుంది, దాంతో బిగిస్తే సరి. ప్యాంటు కొంచెం పొడవున్నా స్కీ బూటు లావు తినేస్తుంది, బూటు అద్దెకు తీసుకున్నాక కానీ అసలు పొడవు తెలియదు. బూటు వేసుకున్నాక కూడా మడమ కింద తొక్కుడు పడేంత పొడవుంటే సైజు మార్పించండి. కింద అంచు కత్తిరిస్తే లోపలి గెయిటరూ పోతుంది, స్కీ అంచులు తగిలి చిరగకుండా వేసే గట్టి గుడ్డా పోతుంది.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ. మనది పత్తి పండే జిల్లా. అమ్మలు ప్రేమగా సంచిలో పెట్టేది నూలు బనియన్లు, నూలు లెగ్గింగులు, నూలు సాక్సులే. పత్తి మన ఎండలకు దేవత. మంచులో మాత్రం చెమట తాగి వదలదు, తాగిన తడిని ఒంటికే ఆనించి ఉంచుతుంది. పైన ఎంత ఖరీదైన జాకెట్టు వేసినా లోపల నూలుంటే పాపకు వణుకు తప్పదు. మెరినో ఉన్ని కానీ, ఆటల్లో వేసుకునే పాలియెస్టర్ టీషర్టులు కానీ పెట్టండి. సాక్సులు రెండు జతలు ఎక్కువ పెట్టండి. నూలువి రైల్లో వేసుకోమనండి.

ప్రశ్న: నాలుగేళ్ల కింద మంచి జాకెట్టు కొన్నాను. అప్పుడు నీళ్లు జారిపోయేవి. పోయినేడు మనాలి దగ్గరి సోలాంగ్‌లో వేసుకుంటే పైగుడ్డ తడిసి బరువెక్కింది, లోపల చల్లగా అయింది. వాటర్‌ప్రూఫ్ పోయినట్టేనా? ఇంటావిడ ప్రతిసారీ శుభ్రంగా సర్ఫ్‌లో ఉతికి, వాసన కోసం కంఫర్ట్ కూడా వేస్తుంది. (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: ఆమె శుభ్రతే కొంత కారణం సార్, ఈ ముక్క ఇంట్లో మెల్లగా చెప్పండి.

వాటర్‌ప్రూఫ్ గుడ్డలో రెండు వేరు వేరు సంగతులున్నాయి. లోపల నీటిని ఆపే సన్నటి పొర ఒకటి. గోర్‌టెక్స్ లాంటివి అవే. 1969లో బాబ్ గోర్ ఒక రకం ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా గుంజి సాగదీస్తే ఆ పొర పుట్టింది. అందులో రంధ్రాలు నీటి చుక్క పట్టనంత చిన్నవి, ఆవిరి పోయేంత పెద్దవి. రెండోది పైగుడ్డ మీద పూత, చామ ఆకు మీద నీళ్లు గుండ్లలా దొర్లినట్టు చేసేది. మీకు పోయింది బహుశా ఈ రెండోదే. పైగుడ్డ నీళ్లు తాగితే లోపలి పొర బాగున్నా ఆవిరి బయటికి పోదు, చెమట లోపలే చల్లబడుతుంది. మీరు తడిశాననుకున్నది సగం మీ చెమటే అయ్యుండొచ్చు.

సబ్బు పొడి గుడ్డలో మిగిలితే నీటిని పిలుస్తుంది, కంఫర్ట్ లాంటివి పూత మీద ఇంకో పొర కట్టి పని చెడగొడతాయి. జిప్పులన్నీ మూసి, చల్లటి నీళ్లలో, ఇలాంటి బట్టలకని దొరికే ద్రవంతో ఉతకండి. నిక్‌వాక్స్ టెక్ వాష్ లాంటిది. రెండుసార్లు జాడించండి. తర్వాత వేడి కావాలి: చీటీలో ఒప్పుకుంటే డ్రయర్‌లో తక్కువ వేడిమీద, లేదా మీద పల్చటి గుడ్డ వేసి తక్కువ ఇస్త్రీ. చాలాసార్లు దీంతోనే పాత పూత లేచి కూర్చుంటుంది. అయినా నీళ్లు ఇంకుతుంటే పూత మళ్లీ వేసే స్ప్రే తెచ్చుకోండి. భుజాలు, చేతులు, కూర్చునే చోటు మీద ఎక్కువ కొట్టండి.

కాలరు దగ్గర, టోపీ లోపల జిడ్డు ఉందా చూసుకోండి. మనం తలకు కొబ్బరినూనె పెట్టి టోపీ వేస్తాం. నూనె పట్టిన చోట పూత పనిచేయదు. కొత్తగా వచ్చే జాకెట్లలో ఇది ఇంకా ఎక్కువ. పాత పూతల్లో వాడిన ఫ్లోరిన్ రసాయనాలు నీళ్లలో, ఒంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతున్నాయని మాన్పిస్తున్నారు. అమెరికాలో కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2025 జనవరి నుంచి చాలా రకాల బట్టల్లో వాటిని నిషేధించాయి. వాటి బదులు వచ్చిన పూతలు నీటిని బాగానే తోలతాయి, నూనెకు మాత్రం లొంగిపోతాయి. తరచూ పూత వేసుకోవడం తప్పదు.

ఒక్కటి మాత్రం చూడండి. జాకెట్టు లోపలివైపు జిగటగా తగులుతోందా, పొలుసుల్లా రాలుతోందా? అలా అయితే లోపలి పొరే పోయింది, ఏ స్ప్రే పనిచేయదు. చవక రకం పూతలు వేడికీ తేమకూ అలా విడిపోతాయి. మన ఎండాకాలం 44, 45 డిగ్రీల్లో అటక మీద పాలిథిన్ సంచిలో కుక్కితే, మంచు ముఖం చూడకుండానే జాకెట్టు పోతుంది. బీరువాలో, గాలి తగిలేలా, హ్యాంగరుకు వేలాడదీయండి. నా ఎర్ర జాకెట్టు అలా అటక మీదే పోయింది. ఔలిలో ఒక్క చుక్క లోపలికి రానివ్వని జాకెట్టు!

ప్రశ్న: పెళ్లయి నెలైంది. మనాలి వెళ్తున్నాం, మంచులో రెండు గంటలు ఆడుకుని ఫొటోలు దిగుతాం, అంతే. ఇద్దరికీ స్కీ బట్టలు కొనాలా? (మంచిర్యాల పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. ఆ దారిలో అద్దెకు ఇస్తారు, రెండు గంటలకు అవి చాలు. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి పొడిగా ఉందో లేదో చూడండి. ముందు వేసుకున్నవాళ్ల తడి ఆరకుండానే మీకు ఇచ్చేస్తారు. ఆ డబ్బుతో ఇద్దరికీ మంచి వాటర్‌ప్రూఫ్ గ్లౌజులు కొనుక్కోండి. ఉన్ని గ్లౌజులతో మంచు ముద్దలు విసురుకుంటే పది నిమిషాల్లో వేళ్లు కొంకర్లు పోతాయి.

ప్రశ్న: బైకు మీద వేసుకునే రెయిన్‌కోటు సెట్టు ఉంది, చుక్క కూడా దిగదు. స్కీయింగ్‌కు అదే తీసుకెళ్తే? (ములుగు పాఠకుడు)

జవాబు: చుక్క లోపలికి దిగదు నిజమే, బయటికీ పోదు. బైకు మీద మీరు కదలరు కాబట్టి తెలియడం లేదు. దాన్ని వేసుకుని లక్నవరం కట్ట మీద అరగంట పరిగెత్తి, విప్పి చూసుకోండి. పైగా అది నున్నగా ఉంటుంది. వాలులో పడ్డారంటే ఆగకుండా జారుతూ కిందికి పోతారు, నేను పోయినట్టు.